విజయనగరంలో కూర్చుని అమెరికా కౌంటింగ్ చదవడం ఎలా

2020 నవంబర్ 4, బుధవారం, మధ్యాహ్నం ఒంటిగంట. అన్నంలో చారు పోసుకుంటున్నాను. టీవీలో ట్రంప్ వచ్చి, మేం గెలిచేశాం అన్న ధోరణిలో మాట్లాడాడు. అక్కడ అప్పటికి తెల్లవారుజాము రెండున్నర. పెన్సిల్వేనియాలో ఆయన లీడ్ లక్షల్లో ఉందని కింద స్క్రోలింగ్ పోతోంది. నేను లెక్కల మాస్టారిని. ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో శాతాలు, నిష్పత్తులు చెప్పినవాణ్ణి. ఆ సాయంత్రం మూడు లాంతర్ల దగ్గర టీ కొట్టుకి వెళ్లి, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, "అయిపోయిందిరా, ట్రంపే" అని తీర్పిచ్చేశాను. అంతటితో ఊరుకోక కిలో పలాస జీడిపప్పు పందెం కాశాను.

శనివారం రాత్రి పది కావస్తుండగా బైడెన్ గెలిచాడని ప్రకటించారు. ఆదివారం పొద్దున్న కొట్టాయన నన్ను చూడగానే, "ఏటి మాస్టారూ, ట్రంపు నెగ్గీసినాడన్నారు గదా! గుండు పప్పేనా, బద్దల్తో సరిపెట్టెస్తారా?" అన్నాడు. గుండు పప్పే కొనిచ్చాను.

పందెం పోయినందుకు నాకు బాధ లేదు. ఏడుసార్లు ప్రిసైడింగ్ ఆఫీసరుగా, రెండుసార్లు కౌంటింగ్ సూపర్‌వైజరుగా పనిచేసినవాణ్ణి ఆ తప్పు ఎలా చేశానన్నదే బాధ. అందుకే ఆ తర్వాత కూర్చుని నాకోసం ఒక పద్ధతి రాసుకున్నాను. పిల్లలు అమెరికాలో ఉండి, ఎన్నికలొచ్చినప్పుడల్లా టీవీ ముందు టెన్షన్ పడే మన జిల్లాల తల్లిదండ్రులకి పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను.

ముందు నోటుబుక్కు

ఒక నోటుబుక్కు తీసుకుని పేజీని నిలువుగా రెండు చేయండి. ఎడమ గడి పైన "ఎవరికి" అని, కుడి గడి పైన "ఎలా" అని రాయండి. ఏ వార్త విన్నా ముందు అది ఏ గడిలోదో తేల్చుకోండి. జనం ఏ పార్టీకి వేస్తున్నారన్నది ఎడమ గడి. ఏ రోజున వేశారు, పోస్టులో వేశారా, బూత్‌కి వెళ్లారా, ఆ ఓటు ఎప్పుడు లెక్కపెడతారు, ఇదంతా కుడి గడి. 2020లో కరోనా మార్చింది చాలామటుకు కుడి గడినే. ఎడమ గడి అప్పటికే పార్టీల పట్టుదలతో గట్టిపడిపోయి ఉంది. నేను కుడి గడి వార్తను ఎడమ గడిలో రాసుకున్నాను, జీడిపప్పు పోయింది.

దేశం మొత్తం ఓట్ల లెక్క పక్కన పెట్టండి

అక్కడ గెలుపు 538 ఎలక్టోరల్ ఓట్లలో 270 తెచ్చుకున్నవాడిది. ఈ ఓట్లు రాష్ట్రానికిన్ని అని ఉంటాయి, దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ అక్కడ గెలిచినవాడికే అన్నీ పోతాయి. 2016లో హిల్లరీ క్లింటన్‌కి ట్రంప్ కంటే 28 లక్షల ఓట్లు ఎక్కువొచ్చినా ఓడిపోయింది. 2020లో బైడెన్‌కి 70 లక్షలు ఎక్కువ వచ్చాయి, ఎలక్టోరల్ లెక్క 306–232. చూడ్డానికి ఘనవిజయమే. కానీ ఆరిజోనాలో ఆధిక్యం 10,457. జార్జియాలో 11,779. విస్కాన్సిన్‌లో 20,682. మూడూ కూడండి: 42,918. ఈ మూడు రాష్ట్రాల ఎలక్టోరల్ ఓట్లు 11, 16, 10, వెరసి 37. అవి అటు పోయుంటే 269–269, సరిసమానం! 2024లో మా విజయనగరం అసెంబ్లీ సీటు ఒక్కదాని మెజారిటీయే 60 వేల పైచిలుకు. పదిహేను కోట్ల పైన ఓట్లు పోలైన దేశంలో కథ అంతకంటే తక్కువ ఓట్ల మీద నడిచింది.

కాబట్టి నోటుబుక్కులో పోటీ హోరాహోరీగా ఉండే ఏడు రాష్ట్రాలు రాసుకుంటే చాలు. పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కరోలినా, ఆరిజోనా, నెవాడా. కాలిఫోర్నియా మీద, అలబామా మీద బుర్ర పాడుచేసుకోవద్దు.

ఎడమ గడి: ఎందుకు కదలదు

1960లో అక్కడ సర్వేవాళ్లు ఒక ప్రశ్న అడిగారు. మీ అబ్బాయో అమ్మాయో ఎదుటి పార్టీవాళ్లని పెళ్లాడితే మీకు కష్టంగా ఉంటుందా అని. నూటికి నలుగురైదుగురే అవునన్నారు. 2010లో అలాంటి ప్రశ్నే మళ్లీ అడిగితే రిపబ్లికన్లలో (ట్రంప్ పార్టీ) దాదాపు సగం మంది, డెమొక్రాట్లలో (బైడెన్ పార్టీ) మూడో వంతు అవునన్నారు. మనకిది కొత్తగా అనిపించదు. మన పల్లెల్లో సంబంధం చూసేటప్పుడు కులం, గోత్రం అయ్యాక "వాళ్లు ఏ పార్టీ" అని మెల్లిగా వాకబు చేసే ఇళ్లు నాకు తెలుసు. సర్పంచ్ ఎన్నికలప్పుడు ఎదురింటి పెళ్లికి వెళ్లనివాళ్లూ తెలుసు. తేడా ఏమిటంటే మనవాళ్లు ఐదేళ్లకోసారి పార్టీ మారినా ముఖం చెల్లుతుంది. నాయకుడే మారిపోతాడు, వెనకున్నవాళ్లకేం నామోషీ. అక్కడ అలా జరగడం అరుదు. 2020లో రెండు పార్టీలవాళ్లూ నూటికి తొంభైమందికి పైగా తమ పార్టీ అభ్యర్థికే వేశారు.

దీనికి ఇంకో గుర్తు కావాలంటే సెనేట్ (అక్కడి పార్లమెంటు ఎగువ సభ) ఫలితాలు చూడండి. 2016లో 34 సెనేట్ సీట్లకి పోటీ జరిగితే, 34 చోట్లా అధ్యక్షుడి ఓటు ఏ పార్టీకి పడిందో సెనేట్ ఓటు కూడా ఆ పార్టీకే. 2020లో మెయిన్ (Maine) అనే ఒక్క రాష్ట్రం తప్పుకుంది. అక్కడ బైడెన్ గెలిచాడు, సెనేట్‌కి రిపబ్లికన్ సుసాన్ కాలిన్స్ గెలిచింది. ఒక చేత్తో ఎంపీకి ఒక గుర్తు, ఇంకో చేత్తో ఎమ్మెల్యేకి ఇంకో గుర్తు నొక్కే మన క్రాస్ ఓటింగ్ అక్కడ అంతగా కరిగిపోయింది. పూర్తిగా పోలేదు లెండి. 2024లో ఆరిజోనా, మిషిగన్, నెవాడా, విస్కాన్సిన్ నాలుగూ ట్రంప్‌కి వేసి, సెనేట్‌కి డెమొక్రాట్లని పంపాయి. అలాంటిది కనబడితే ఎర్ర పెన్నుతో గీత పెట్టుకోండి. అసలైన వార్త అది.

మరి ఎడమ గడి అంత గట్టిదైతే ఓటెయ్యడానికి ఇంత ఉత్సాహం దేనికి? నా బుద్ధికి తోచేది ఇదీ. తనవాడి మీద ప్రేమ కంటే ఎదుటివాడు వస్తాడన్న భయం జనాన్ని ఇంట్లోంచి బయటికి లాగుతోంది. 2020లో ఓటుహక్కు ఉన్నవాళ్లలో సుమారు 66 శాతం ఓటేశారు. 1900 తర్వాత అంత పోలింగ్ లేదు. మహమ్మారి మధ్యలో!

కుడి గడి: కవర్లో కవరు

2020 మార్చి 15న మన రాష్ట్రంలో స్థానిక ఎన్నికలు వాయిదా వేశారు, గుర్తుందా? నాకు బాగా గుర్తు, డ్యూటీ తప్పిందని స్టాఫ్ రూమంతా ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాత మూడు వారాలకి, ఏప్రిల్ 7న, విస్కాన్సిన్‌లో ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) వాయిదా పడకుండా జరిగింది. మిల్వాకీ నగరంలో మామూలుగా 180 దాకా ఉండే పోలింగ్ కేంద్రాలు ఐదుకి వచ్చాయి. సిబ్బంది దొరకలేదు. అక్కడ పోలింగ్ డ్యూటీ చేసేవాళ్లలో ముసలివాళ్లే ఎక్కువ. జనం మాస్కులు పెట్టుకుని గంటల తరబడి వీధుల్లో నిలబడ్డారు. నవంబర్‌కల్లా చాలా రాష్ట్రాలు పోస్టు ఓటుకి తలుపులు బార్లా తెరిచాయి. కాలిఫోర్నియా, నెవాడా, న్యూజెర్సీ లాంటివి ఓటర్లందరికీ ఇంటికే బ్యాలెట్లు పంపాయి.

ఇక్కడే రెండు గడులూ ఒకదానికొకటి రాసుకున్నాయి. పోస్టు ఓటులో మోసం జరుగుతుందని ట్రంప్ నెలల తరబడి చెప్పాడు. డెమొక్రాట్లు ఇంట్లోంచే వెయ్యండన్నారు. బైడెన్ బృందం అక్టోబర్ దాకా ఇంటింటి ప్రచారం మానేసింది. ట్రంప్ మనుషులు తలుపులు కొడుతూనే ఉన్నారు. మాస్కు పెట్టుకోవడం ఎలా పార్టీ గుర్తయిందో, ఓటు వేసే దారి కూడా అలాగే అయింది. బైడెన్ ఓటర్లలో పదిమందికి సుమారు ఆరుగురు పోస్టు బ్యాలెట్ వాడితే, ట్రంప్ ఓటర్లలో మూడో వంతే.

మా అల్లుడిది రాజాం దగ్గర. ఇప్పుడు పెన్సిల్వేనియాలో, ఫిలడెల్ఫియా పక్కన చెస్టర్ కౌంటీలో ఉంటున్నారు. 2019లో పౌరసత్వం వచ్చింది, 2020లో మొదటి ఓటు. మా అమ్మాయికి ఇంకా గ్రీన్ కార్డే. వీడియో కాల్‌లో బ్యాలెట్ చూపించాడు. "మావయ్యగారూ, ఇదిగో, మీ పోస్టల్ బ్యాలెట్‌లా లేదూ?" అన్నాడు. నిజంగానే ఉంది. లోపల ఒక కవరు, దాని మీద ఏమీ రాయకూడదు. అది రహస్యం కోసం. దాన్ని బయటి కవర్లో పెట్టి, వెనక డిక్లరేషన్ దగ్గర సంతకం, తేదీ. మనకి 13-ఏ డిక్లరేషన్, 13-బి లోపలి కవరు, 13-సి బయటి కవరు ఉన్నట్టే. మన 13-ఏకి గెజిటెడ్ అధికారి సంతకం కావాలి. అక్కడ ఓటరు సంతకం సరిపోయింది.

"బాబూ, లోపలి కవరు మర్చిపోతే?" అని అడిగాను. చెల్లదట. ఆ సెప్టెంబర్‌లోనే పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు ఆ మాట తేల్చి చెప్పింది. అతను మూడుసార్లు కవరు విప్పి చూసుకుని, చివరికి జిగురు చాలక మా మనవరాలి గ్లూ స్టిక్ వాడాడు. ఒక్కో కవరు చింపడం, సంతకం చూడటం, లోపలిది వేరు చెయ్యడం, మడత విప్పి సాపు చెయ్యడం, ఆ తర్వాతే స్కానర్. 2024లో మన దగ్గర 13-ఏ మీద సీలు ఉండాలా వద్దా అని ఎంత గొడవ జరిగిందో చూసినవాళ్లకి ఈ పని ఎంత నెమ్మదో చెప్పనక్కర్లేదు. పెన్సిల్వేనియాలో అలాంటి కవర్లు సుమారు 26 లక్షలు.

ఒక లెక్క మాత్రం నాకు బాగా నచ్చింది, క్లాసులో చెప్పి ఉండాల్సింది. టెక్సాస్‌లో 65 ఏళ్లు నిండినవాళ్లు ఏ కారణం చూపకుండా పోస్టు ఓటు వెయ్యొచ్చు. 64 ఏళ్లవాళ్లకి ఆ వీలు లేదు. ఒక్క ఏడాది తేడా, మిగతావన్నీ ఒకటే. 2020లో 65 వాళ్లు పోస్టు ఓటు బాగా వాడారు, కానీ మొత్తం పోలింగ్ శాతంలో 64 వాళ్లకీ వీళ్లకీ దాదాపు తేడా లేదు. అంటే పోస్టు సౌకర్యం దారి మార్చింది, రానివాళ్లని పెద్దగా రప్పించలేదు. పోస్టు ఓట్ల వల్లే ఫలానా పార్టీ గెలిచిందని ఎవరైనా అంటే ఈ 64, 65 లెక్క చెప్పండి.

లెక్కింపు వరస

మన కౌంటింగ్ ఎనిమిదింటికి పోస్టల్ బ్యాలెట్లతో మొదలవుతుంది, అరగంటకి ఈవీఎంలు. పద్నాలుగు టేబుళ్లు, బూత్ నంబర్ల వరసన రౌండ్లు. ఒక మండలం బూత్‌లన్నీ ముందు వచ్చేస్తాయి, ఇంకో మండలానివి చివర్లో. నాలుగో రౌండ్‌లో వెనకబడ్డ అభ్యర్థి ఏజెంటు బయటికెళ్లి తాపీగా టీ తాగుతుంటాడు. ఎందుకు? "మా మండలం ఇంకా విప్పలేదు సార్." అతనికి తెలిసిన ఆ ఒక్క ముక్క ఆ బుధవారం నాకు తట్టలేదు.

పెన్సిల్వేనియాలో, విస్కాన్సిన్‌లో పోలింగ్ రోజు పొద్దుటిదాకా పోస్టు కవర్లు ముట్టుకోకూడదు. కాబట్టి బూత్ ఓట్లు ముందు, పోస్టు ఓట్లు వెనక. బూత్‌కి వెళ్లినవాళ్లు ఎక్కువమంది ట్రంప్ మనుషులు. పెన్సిల్వేనియా పోస్టు ఓట్లలో నాలుగింట మూడు వంతులు బైడెన్‌వి. ముందు ఎరుపు (రిపబ్లికన్ల రంగు) ఉప్పొంగి, తర్వాత నీలం (డెమొక్రాట్ల రంగు) ఎక్కడం తప్పదు. ఎవరూ మనసు మార్చుకోలేదు, సంచులు విప్పే వరస అది. శుక్రవారం మన రాత్రి ఏడు దాటాక బైడెన్ పెన్సిల్వేనియాలో ముందుకొచ్చాడు. చివరికి ఆధిక్యం 80,555.

ఆరిజోనా దీనికి తిరగబడ్డ బొమ్మ. అక్కడ పోస్టు ఓటు ఎప్పట్నుంచో అలవాటు, ముందుగానే కవర్లు విప్పి ఉంచుతారు. అందుకని 2020లో మొదటి గంటలోనే బైడెన్ బాగా ముందున్నాడు, రోజులు గడిచేకొద్దీ ఆధిక్యం కరిగిపోతూ వచ్చి 10,457 దగ్గర ఆగింది. ఫ్లోరిడాలోనూ ముందే విప్పుతారు, ఆ రాత్రికే తేలిపోతుంది. ఒక రాష్ట్రం నియమంతో ఇంకో రాష్ట్రాన్ని చదివితే నాకు పట్టిన గతే పడుతుంది.

మన టైములు రాసుకోండి, 2020, 2024 రెండుసార్లూ ఇవే సరిపోయాయి. జార్జియాలో పోలింగ్ ముగిసేది మన పొద్దున్న ఐదున్నరకి. నార్త్ కరోలినా ఆరింటికి. పెన్సిల్వేనియా ఆరున్నరకి. ఆరిజోనా, విస్కాన్సిన్ ఏడున్నరకి. అలారం పెట్టుకుని నాలుక్కి లేవాల్సిన పని లేదు. స్నానం, పూజ కానిచ్చుకుని, ఇడ్లీ తింటూ చూడొచ్చు.

నిట్టనిలువు గీత

2020లో మా రిటైర్డ్ టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒక గ్రాఫ్ తిరిగింది. విస్కాన్సిన్‌లో బైడెన్ గీత తెల్లవారుజామున ఒక్కసారిగా నిట్టనిలువుగా లేచింది, మోసం అని. మిల్వాకీ నగరం పోస్టు ఓట్లన్నీ ఒకే చోట లెక్కపెట్టి, లక్షన్నర పైచిలుకు ఒక్కసారే ప్రకటించింది. అదీ ఆ గీత. మన దగ్గర రౌండ్‌కో షీటు సంతకాలై బయటికొస్తుంది కాబట్టి మెట్లు మెట్లుగా కనబడుతుంది. పది రౌండ్ల షీట్లు ఒకేసారి చదివితే మనదీ నిట్టనిలువే. గ్రూపులో ఇదంతా వివరంగా టైపు చేశాను. జవాబుగా రెండు దణ్ణాలు, ఒక గుడ్‌మార్నింగ్ పువ్వు వచ్చాయి.

జార్జియాలో ఆ ఏడాది సుమారు 50 లక్షల కాగితం ఓట్లని చేత్తో మళ్లీ లెక్కపెట్టారు. గెలిచినవాడు మారలేదు. ఫలితం మీద కోర్టులకెక్కిన 60కి పైగా కేసులూ దాన్ని మార్చలేకపోయాయి. పుకారు వచ్చినప్పుడు ఇలాంటి లెక్క జరిగిందా లేదా అని ముందు వెతకండి.

కరోనా చావులు ఓటు మార్చలేదా?

పోలింగ్ నాటికి అక్కడ చనిపోయినవాళ్లు 2 లక్షల 30 వేలు. అంత జరిగితే ప్రభుత్వాన్ని ఊడ్చేస్తారని మనం అనుకుంటాం. ట్రంప్‌కి 2016 కంటే కోటికి పైగా ఓట్లు ఎక్కువొచ్చాయి! ఒకే అంకెని ఒక పక్షం నిర్లక్ష్యానికి లెక్కగా చూసింది. ఇంకో పక్షం అంతకంటే మూతపడ్డ కొట్లని, పోయిన పనుల్ని చూసింది.

ఎగ్జిట్ పోల్ చదివేటప్పుడు అంకె కంటే ముందు ప్రశ్న చదవండి. 2020లో టీవీ చానెళ్ల ఎగ్జిట్ పోల్‌లో కరోనాయే ముఖ్యం అన్నవాళ్లు 17 శాతం, ఆర్థిక పరిస్థితి అన్నవాళ్లు 35 శాతం. అసోసియేటెడ్ ప్రెస్ సర్వేలో కరోనా ముఖ్యం అన్నవాళ్లు పదికి నలుగురు. అదే దేశం, అదే ఎన్నిక. ప్రశ్న వేరు, ఇచ్చిన ఆప్షన్లు వేరు. పైగా ఆర్థికం అన్నవాళ్లలో నూటికి ఎనభైమందికి పైగా ట్రంప్‌వైపు, కరోనా అన్నవాళ్లలో సుమారు అంతేమంది బైడెన్‌వైపు. అందువల్ల ఓటు వేశారా, వేశాక ఆ కారణం చెప్పారా? పిల్లాడు జవాబు కాపీ కొట్టి, స్టెప్పులు తర్వాత రాసినట్టు ఉంటుంది కొన్నిసార్లు.

పాత నోటుబుక్కుతో కొత్త పరీక్ష రాయొద్దు

2024లో పోస్టు ఓట్లు 2020 అంత లేవు. రిపబ్లికన్లు కూడా ముందుగా ఓటు వెయ్యండని తమవాళ్లకి చెప్పారు. ఎరుపు ముందు, నీలం వెనక అన్న తేడా బాగా తగ్గింది. ట్రంప్‌తో ఉపాధ్యక్షుడిగా పోటీచేసిన జె.డి. వాన్స్ భార్య ఉషా వాన్స్ పూర్వీకులది పశ్చిమ గోదావరి వడ్లూరని మన చానెళ్లు రోజంతా చూపిస్తుండగానే, మన బుధవారం సాయంత్రానికల్లా ట్రంప్ గెలుపు తేలిపోయింది. ఎలక్టోరల్ లెక్క 312–226, ఏడు రాష్ట్రాలూ ఆయనవే. మాస్కుల గొడవ వినబడలేదు కానీ మహమ్మారి వెనకాల వచ్చిన ధరలు వినబడ్డాయి. 2022 జూన్‌లో అక్కడ ద్రవ్యోల్బణం 9.1 శాతానికి ఎక్కింది. గుడ్ల ధర ఎంతో మా అమ్మాయి ఫోన్లో ప్రతి వారం చెప్పేది. ధరల కోపం ఎడమ గడిని కొద్దిగానైనా కదిపింది. అంత సన్నటి తేడాలున్నచోట కొద్దిగా చాలు.

2026 నవంబర్ 3న మధ్యంతర ఎన్నికలు, అంటే అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో వచ్చే అక్కడి పార్లమెంటు ఎన్నికలు. దానికి పేజీ కొత్తది తిప్పండి. ఏ రాష్ట్రంలో కవర్లు ఎప్పుడు విప్పుతారో ముందురోజే కుడి గడిలో రాసి పెట్టుకోండి. ముందుగా పడిన ఓట్లు ఏ పార్టీవాళ్లవో కొన్ని రాష్ట్రాలు ప్రకటిస్తాయి. పెన్సిల్వేనియా, నార్త్ కరోలినా, ఆరిజోనాల్లో ఓటరు జాబితాలోనే పార్టీ ఉంటుంది కాబట్టి అది కుదురుతుంది. జార్జియా, మిషిగన్, విస్కాన్సిన్‌లో ఓటరు జాబితాలో పార్టీ ఉండదు. ఆ మూడింటి గురించి అలాంటి లెక్క ఎవరైనా పంపితే అది అంచనా మాత్రమే.

ఇంకొక్క మాట, పిల్లలున్న ఇళ్లకి. 2020లో మా అల్లుడూ, అతని ఇంజనీరింగ్ రూమ్మేటూ చెరో పార్టీ. పదిహేనేళ్లు ఒకే కంచంలో తిన్నవాళ్లు ఆ దసరాకి ఒకరింటికొకరు వెళ్లలేదు. నేను తెలియక, "మరి ఆ అబ్బాయి ఎవరికి వేశాడు బాబూ?" అని అడిగితే స్క్రీన్ మీద అమ్మాయి మొహం మాడిపోయింది, అల్లుడు నెట్ సరిగా లేదన్నాడు. అప్పట్నుంచి ఎవరికి వేశారని అడగను. "కవరు అంటించావా, ఏ రోజు పెట్టెలో వేశావు?" అని అడుగుతాను. దానికైతే అరగంట చెప్తాడు. అన్నట్టు, గ్లూ స్టిక్ ఇప్పుడు డ్రాయర్లో పెట్టి ఉంచాడట.